కరెంటు పారని చోట

నేను ఏం పని చేస్తానో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అడగక కాదు, అందరూ అడిగారు. నేనూ ఓపిగ్గా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త అపార్థం పుట్టింది. అయస్కాంతాల మీద పరిశోధన అన్నందుకు మా వీధి చివరి పిన్నిగారు మోకాళ్ల నొప్పులకి కట్టుకునే అయస్కాంతం పట్టీ ఒకటి పంపమన్నారు. ఇలా కాదని మరోసారి మాట మార్చి, కరెంటు పారని అయస్కాంతాల్లో ఇంకేం పారుతుందో చూస్తామండి అన్నాను. "కరెంటు పారనిది చూట్టానికి అంత దూరం వెళ్లేవా అమ్మా? ఇక్కడ మాకు రోజూ అదే కదా" అన్నారు ఆవిడ. అమలాపురం చుట్టుపక్కల ఒక్క గాలివానాకాలం గడిపినవాళ్లెవరికీ ఆ మాటలో తప్పు కనపడదు. ఆ తర్వాత ఎవరడిగినా "ఫిజిక్సండి" అని ఊరుకునేదాన్ని.

నాన్నగారు మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆయన ఘనాపాఠి. వేదాన్ని ఉన్నది ఉన్నట్టు వల్లించడం ఒక ఎత్తు, ఘన చెప్పడం మరో ఎత్తు. రెండేసి మాటలను ముందుకూ వెనక్కూ తిప్పి, మూడో మాటను కలుపుకుని మళ్లీ తిప్పి, అలా జడ అల్లినట్టు పోవాలి. మాటలు తిరిగిన ప్రతిచోటా స్వరం మారుతుంది. కిందికి దిగేది, సమంగా ఉండేది, పైకి లేచేది, ఈ మూడింటిలో ఒకటి తప్పినా చెప్పినది చెప్పినట్టు కాదు. ఆయన వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకున్నారు, తాతగారు వాళ్ల నాన్నగారి దగ్గర. అంతకుముందు ఎవరో ఇంట్లో వాళ్లు లెక్క చెబుతారు కానీ నాకు గుర్తుండదు.

ఆడపిల్లకి వేదం చెప్పే ఆచారం మా ఇంట్లో లేదు. అందులో న్యాయమేమిటని నాన్నగారితో చాలాసార్లు పోట్లాడాను, ఒక్కసారీ గెలవలేదు, ఆ గొడవ ఇక్కడ విప్పను. నన్ను లెక్కలూ సైన్సూ చదివించారు, తమ్ముడికి వేదం చెప్పారు. వాడు అరుగు మీద సంత చెప్పుకుంటుంటే, అంటే నాన్నగారు ఒకసారి అన్నదాన్ని వెంటనే తిరిగి అంటుంటే, నేను గుమ్మం లోపల కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఒకే గొంతు వింటూ పెరిగి చెరో దారిన పోయాం. నేను హైదరాబాదు ల్యాబులో తేలాను, తమ్ముడు ఆ అరుగు మీదే ఉండిపోయాడు.

రెండేళ్ల కిందట వేసవిలో నాన్నగారి గొంతు బొంగురుపోయింది. శొంఠి, మిరియాలు, కరక్కాయ, అన్నీ అయ్యాక కాకినాడ తీసుకెళ్లాం. స్వరపేటికలో పుండు ముదిరిందన్నారు. మనిషి దక్కాలంటే అది తీసేయాలన్నారు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ప్రాణం ఉంటే చాలండి, తీసేయండి డాక్టరుగారూ" అంది. నాన్నగారు డాక్టరు వంక కాకుండా తమ్ముడి వంక చూశారు. వాడికి ఘన అంతా వచ్చేసింది, చివరి కాండ ఒక్కటే మిగిలింది. మిగిలినది పూర్తయ్యేదాకా ఆగడానికి వీలుందా అని ఆయన అడిగారు. ఆయన సొంత గొంతుతో నేను విన్న ఆఖరి మాటల్లో అదొకటి. వీల్లేదన్నారు.

ఆపరేషన్ బాగానే అయింది. మెడ కింద వేసిన రంధ్రం నుంచి ఊపిరి పీల్చుకోవడం ఆయనా, దాన్ని శుభ్రం చేయడం నేనూ నేర్చుకున్నాం. ల్యాబులో కొలవాల్సినవన్నీ అప్పటికే కొలిచేశాను, లెక్కలు వేయడమే మిగిలింది, దానికి లాప్‌టాప్ చాలు. అందుకని సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉండిపోయాను. అమ్మ కొత్తపేట వెళ్లి పలకా బలపాల పెట్టె కొనుక్కొచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో మాటలన్నీ పలక మీదే. కూరలో ఉప్పు ఎక్కువైందన్న ఫిర్యాదు కూడా గుండ్రటి చేతిరాతలో వచ్చేది. అమ్మ కొంగుతో తుడిచేసి "కనపళ్లేదండి" అనేది.

ఆస్పత్రివాళ్లు ఒక యంత్రం కూడా ఇప్పించారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. దాన్ని గొంతుకి ఆనించి మీట నొక్కి, పెదవులు కదిపితే మాట వస్తుంది. మొదటిరోజు దానితో "మంచినీళ్లు" అన్నారు నాన్నగారు. అమ్మ నవ్వుతూ ఏడుస్తూ తెచ్చి ఇచ్చింది. రెండోరోజు పొద్దున్నే స్నానం చేసి, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, యంత్రం పెట్టుకుని సంత మొదలుపెట్టారు. మాటలన్నీ వచ్చాయి. ఒక్కటీ తప్పు లేదు. కానీ ఆ యంత్రానికి తెలిసింది ఒకటే శ్రుతి. దిగదు, లేవదు. రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యం అని చెప్పే గొంతులా ఉంది. నాన్నగారు వాక్యం మధ్యలో ఆపేశారు. యంత్రాన్ని ఉత్తరీయంలో చుట్టి తమ్ముడి చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత నెలలు చాలా భారంగా గడిచాయి. పలానా ఊళ్లో పలానావారి దగ్గర మిగిలిన కాండ చెప్పుకోమని పెద్దలు తమ్ముడికి సలహాలిచ్చారు. నాన్నగారు కాదనలేదు, అవుననీ అనలేదు. తమ్ముడే కదల్లేదు. "నాన్నగారు ఉండగా ఇంకోరి దగ్గరికి ఎలా వెళ్తానక్కా? ఆయన కూర్చుని చూస్తూనే ఉంటారు కదా" అన్నాడు. ఫోన్లో ఎన్ని రికార్డింగులు లేవు, విని నేర్చుకోరాదా అన్నాను నేను. ఆ మాట నాన్నగారి చెవిన పడింది. పలక మీద రాసి నా ముందు పెట్టారు: "ఫోను చెబుతుంది. తప్పు పట్టుకోదు." జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ సాయంత్రమంతా గిన్నెల మీద చూపించాను.

ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని లెక్కలు చూసుకుంటున్నాను. ఎదురుగా దొడ్లో దింపు తీసిన కొబ్బరికాయలు కుప్పగా ఉన్నాయి. నాన్నగారు వచ్చి పక్కన కూర్చున్నారు. తెర మీద గీతల వంక కాసేపు చూసి పలక తీశారు. "నువ్వు చేసేది ఏమిటి? చెప్పు. ఇప్పుడు నాకు తీరికే" అని రాశారు. ఇన్నేళ్ల తర్వాత అడిగారు. మనసులో ఏదో మెత్తబడింది, పైకి మాత్రం "ఫిజిక్సండి" అన్నాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. ఇప్పుడు ఆయన నవ్వుకి చప్పుడు లేదు.

అప్పుడు చెప్పాను. మామూలు తీగలో ఎలక్ట్రాన్లు పరుగెడితే దాన్ని కరెంటు అంటామండి. ఎలక్ట్రాన్‌కి విద్యుత్తు ఒక్కటే కాదు, స్పిన్ అని ఇంకో గుణం ఉంటుంది. దానివల్ల అదొక బుల్లి దిక్సూచి ముల్లులా పనిచేస్తుంది. మా దగ్గర గార్నెట్ అనే ఒక రాయి ఉంది. ఇనుము, ఆక్సిజన్, ఇట్రియం కలిపి చేస్తారు. వేలి గోరంత బిళ్ల, వెలుతురుకి పట్టి చూస్తే లేత పసుపుపచ్చగా ఉంటుంది. అది అయస్కాంతమే, కానీ దాంట్లో కరెంటు పారదు. ఎలక్ట్రాన్లు ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఉంటారు. ముళ్లన్నీ ఒకే వైపు చూస్తుంటాయి. వాటిలో ఒకదాన్ని ఒక చివర కొంచెం వంచామనుకోండి. దాన్ని చూసి పక్కది వంగుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. ఆ వంపు అలలా అవతలి చివరికి పోతుంది. స్పిన్ తరంగం అంటే అదేనండి. ఆ అల మోసుకుపోయేదే స్పిన్ ప్రవాహం.

నాన్నగారు రాశారు: "ఎవరూ చోటు వదలరు?"

"వదలరండి. వంగుతారు, అంతే."

"అవతలికి చేరిందని ఎలా తెలుస్తుంది?"

రాయి మీద రెండు చివర్లా జుట్టుకన్నా సన్నటి ప్లాటినం గీతలు ఉంటాయని చెప్పాను. ఒకదాంట్లో కరెంటు పంపితే అది స్పిన్‌ని రాయికి అందిస్తుంది. రాయి దాన్ని అవతలి గీతకి అందిస్తే, ఆ గీతలో చాలా చాలా చిన్న వోల్టేజి కనపడుతుంది. దాన్ని పట్టుకోవడానికే నా ఆయుష్షులో సగం పోయింది. పక్కింటి మిక్సీ తిప్పినా చెదిరిపోయేటంత చిన్నది.

తర్వాత నాన్నగారు రాసిన ప్రశ్న నా థీసిస్ పరీక్షకులు అడిగిందే. "మధ్యలో కరెంటు దొంగచాటుగా కారలేదని రుజువేమిటి?"

"రాయి చుట్టూ పెద్ద అయస్కాంతం ఉంటుందండి. దాన్ని మెల్లిగా చుట్టూ తిప్పుతాం. కారిన కరెంటైతే అయస్కాంతం ఎటు తిరిగినా దానికి పట్టదు, అలాగే ఉంటుంది. స్పిన్ అయితే తిప్పినకొద్దీ తగ్గుతుంది, పెరుగుతుంది. రాయిలోని ముళ్లు అయస్కాంతంతో పాటు తిరుగుతాయి, ఆ వంపుని బట్టి అది మారుతుంది. అలా మారితేనే మేం నమ్ముతాం."

ఆయన తలూపి పలక తుడిచేశారు. బాగా విసిగించానేమో అనుకుని నేను మళ్లీ లెక్కల్లో పడ్డాను.

మర్నాడు పొద్దున్న చప్పట్లు వినిపించాయి. గొంతు పోయాక నాన్నగారు తమ్ముణ్ణి పిలిచే పద్ధతి అది. వాడు తడిబట్టతో వచ్చాడు. ఆయన వాణ్ణి తన ముందు కూర్చోబెట్టుకుని, పలక చూపించారు. "పదాలు నీకు వచ్చు. ఘన నువ్వే కట్టు. నేను ఉన్నాను" అని ఉంది. తర్వాత కుడిచెయ్యి తీసి వాడి తల మీద పెట్టారు.

వేదం మొదలుపెట్టిన పసివాళ్లకి స్వరాలు అలాగే నేర్పుతారు. దిగే స్వరానికి గురువు పిల్లాడి తల కిందికి వంచుతారు, లేచే స్వరానికి పైకెత్తుతారు, సమంగా ఉన్నచోట నిలబెడతారు. కొన్నాళ్లకి స్వరం గొంతులో కుదురుకుంటుంది, అప్పుడు చెయ్యి తీసేస్తారు. ఆ తర్వాత తల ఊపడం దోషం. పెద్దయ్యాక కూడా తల ఆడిస్తూ చెబితే సభలో ఒప్పుకోరు. ముప్పయ్యో పడికి దగ్గరైన మా తమ్ముడు, గడ్డం పెరిగినవాడు, పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాడు, వీధిలో అందరూ చూస్తుండగా తలొంచుకుని కూర్చున్నాడు.

"చిన్నపిల్లాణ్ణా నాన్నగారండీ" అన్నాడు మెల్లిగా.

తల మీద చెయ్యి రెండుసార్లు తట్టింది. వాడు "ఆయ్" అని మొదలుపెట్టాడు.

మొదటి వారం చూడటం కష్టంగా ఉండేది. వాడు ఒక మాట పట్టుకుని రెండో మాటతో కలిపి వెనక్కి తిప్పుతాడు. కలిసినచోట స్వరం ఎటు పోవాలో వాడికి తేలదు. చెయ్యి తల మీద ఆగిపోతుంది. వాడు ఆగుతాడు. మళ్లీ మొదలు. వేళ్లు కొంచెం నొక్కుతాయి, తల వంగుతుంది, అప్పుడు ఆ వంపుతో పాటు స్వరం దిగుతుంది. నాన్నగారి కళ్లు మూసుకుని ఉంటాయి. పెదవులు మాత్రం కదులుతుంటాయి, వాటి నుంచి చప్పుడు రాదు. వాడు తప్పితే ఆయన మొహంలో నొప్పి కనిపించేది, సరిగ్గా వస్తే అరచెయ్యి తేలికయ్యేదట. "తేలికైనప్పుడు తెలిసిపోతుందక్కా" అనేవాడు తమ్ముడు.

గుమ్మంలో నిలబడి చూస్తూ నేను ఒకటి గమనించాను, నాకంటే ముందు నాన్నగారికే తట్టి ఉంటుంది. ఆ యంత్రం మాటలన్నీ మోసింది, స్వరాన్ని మోయలేకపోయింది. ఈ చెయ్యి ఒక్క మాటా మోయదు, స్వరాన్నే మోస్తుంది. నేను ఏళ్ల తరబడి ఉద్యోగంగా చేసినదాన్ని మా నాన్నగారు తమ్ముడి తల మీద చేసి చూపించారు. నాకు గర్వంగా అనిపించింది. ఈ విషయం వాళ్లిద్దరికీ చెప్పలేదు, చెబితే పాఠం ఆగుతుందని.

ఏ పదార్థంలోనైనా స్పిన్ తరంగం కొంత దూరం పోయాక చచ్చిపోతుంది. గార్నెట్‌లో చాలా దూరం పోతుంది, అందుకే మేం దాన్ని పట్టుకుని వేలాడతాం. చిన్నప్పుడు తమ్ముడితో దెబ్బలాడినప్పుడల్లా వాడి బుర్రని రాయి అనేదాన్ని. ఆ మాట వెనక్కి తీసుకోను, మంచి రాయి అని మాత్రం కలుపుతాను. ఏడాది తిరిగేసరికి చివరి కాండ పూర్తయింది.

ఘన పరీక్ష నరసాపురం వైపు ఒక ఊళ్లో పెట్టారు. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా నది దాటించే పంటు ఎక్కాం. వశిష్ఠ గోదావరి మీద గాలికి నాన్నగారి మెడగుడ్డ ఎగురుతుంటే అమ్మ పట్టుకుని కూర్చుంది. తమ్ముడు రెయిలింగు దగ్గర నిలబడి నీళ్ల వంక చూస్తూ తనలో తాను చెప్పుకుంటున్నాడు. పంటు నడిపే ఆయన వచ్చి "పరీక్షకాండి? ఏం పర్లేదండి, అవతల ఒడ్డు వచ్చేత్తది" అన్నాడు. నాన్నగారు ఆయనకి నమస్కారం పెట్టారు.

సభలో పెద్దలు ఎదురుగా వరసలో కూర్చున్నారు. నాన్నగారు పక్క వరసలో, అమ్మా నేనూ ఆడవాళ్ల వైపు. పెద్దల్లో అందరికన్నా వృద్ధులు చివరి కాండలోంచే ఒకచోట మొదటి మాట అందించి ఘన చెప్పమన్నారు. తమ్ముడు అందుకున్నాడు. కాసేపటికి ఆ పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

"తల ఆడుతోంది నాయనా. చూసుకోవాలి" అన్నారు.

ఇంట్లో ఏడాది పాటు ఎప్పుడు చూసినా నాన్నగారి చెయ్యి వాడి తల మీదే ఉండేది. తల దానంతట అదే ఊగుతోందని మాలో ఎవరికీ తెలియలేదు, వాడికి కూడా. తమ్ముడు మెడ బిగించి మళ్లీ మొదలుపెట్టాడు. తల నిలబడింది, మాట నిలబడలేదు. రెండో తిప్పులోనే ఆగిపోయాడు. ఇంకోసారి ప్రయత్నించి అక్కడే ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరి దగ్గర చెప్పుకున్నావు?" అని అడిగారు పెద్దాయన.

"మా నాన్నగారి దగ్గరేనండి."

"వారికి గొంతు పోయి ఏడాది దాటింది కదయ్యా?" అన్నారు ఇంకొకరు. అడగడంలో కాఠిన్యం లేదు, నిజంగా అర్థం కాక అడిగారు. సభ అంతా నాన్నగారి వైపు తిరిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నాన్నగారు లేచి నిలబడ్డారు. ఉత్తరీయం మడతలోంచి ఆ యంత్రం తీశారు. ఇంట్లో ఆ రెండోరోజు తర్వాత ముట్టుకోనిది, ఇంతమంది ఘనాపాఠుల మధ్య గొంతుకి ఆనించుకున్నారు. దిగని, లేవని ఆ గొంతు సభంతా వినిపించింది. "దోషం వాడిది కాదండి. నాది. చెయ్యి తీయడం మర్చిపోయేను. సెలవిస్తే ఇప్పుడు తీస్తాను."

పెద్దాయన కొంచెంసేపు నాన్నగారి మొహం చూసి, పక్కకి జరిగి చోటిచ్చారు. "రండి" అన్నారు.

నాన్నగారు వెళ్లి తమ్ముడి వెనక కూర్చున్నారు. చెయ్యి వాడి తల మీద పెట్టారు. వాడు మొదలుపెట్టాడు. ఈసారి ఆ చెయ్యి దిగలేదు, లేవలేదు. స్వరం ఎటు పోతున్నా తలని నిలిపి పట్టుకుంది. రెండో తిప్పు దాటింది. మూడో మాట కలిసింది. వాడి భుజాలు మెల్లిగా వదులయ్యాయి. ఆ తర్వాత ఎప్పుడో, ఎక్కడని నేను చెప్పలేను, చెయ్యి లేచింది. వేలెడు ఎత్తులో కొంచెంసేపు ఉండి, నాన్నగారి ఒడిలోకి వచ్చింది. తమ్ముడికి తెలిసిందో లేదో, వాడు ఆగలేదు. తల కదల్లేదు. ఒక్కో స్వరం దిగాల్సినచోట దిగుతూ, లేవాల్సినచోట లేస్తూ వచ్చింది. నేను దాచుకోకుండా ఏడ్చాను. అమ్మ కొంగు ఇచ్చింది.

పెద్దలు ఆపమనలేదు, ఆఖరిదాకా చెప్పించారు. వాడి వెనక కళ్లు మూసుకుని కూర్చున్న నాన్నగారి తల మాత్రం స్వరంతో పాటు దిగుతూ లేస్తూ ఉంది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.